ద్వారం వారి ఫిడేలు వినడానికి ఎలాంటి డాక్ (డిజిటల్ పాటను యాంప్లిఫయర్‌కు పనికొచ్చే విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) కొనాలి?

కోట వీధి శ్రోత, విజయనగరం:
నాన్నగారు వాడిన స్టీరియో యాంప్లిఫయరూ, రెండు స్పీకర్లూ ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్నాయి. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వాటికి తీగ కలిపి, మా ఊరి సంగీత కళాశాలలో ఆచార్యులుగా ఉన్న ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డింగులు వింటున్నాను. కమాను సన్నగా జారి స్వరం ఆగేచోట నిశ్శబ్దం ఉండాలి కదా, అక్కడ 'గుయ్'మనే హోరు వినిపించి ప్రాణం ఉసూరుమంటోంది. దుకాణంలో అడిగితే 32 బిట్లు, 768 కిలోహెర్ట్జ్ ఉన్న డాక్ తీసుకోమన్నారు. దాని ధర 22 వేలు, నేను పెట్టగలిగేది 8 వేలు. అంత పెద్ద అంకెలు నిజంగా అవసరమా?

నాగావళి, శ్రీకాకుళం:
అవసరం లేదండి. 1982లో సీడీ వచ్చినప్పటి నుంచి దాని లెక్క 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. అంటే ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్లలో రాస్తారు. అందులో సగం, అంటే సుమారు 22 కిలోహెర్ట్జ్ వరకు ధ్వని ఇముడుతుంది. పడుచు చెవి కూడా 20 దాటితే దాదాపు వినలేదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డుల నుంచి ఎక్కించిన పాటల్లోనైతే, సూది గరగర ముందు మామూలు డాక్ సొంత రొద లెక్కలోకే రాదు. కొనే ముందు ఒక్కసారి చార్జర్ పీకేసి, బ్యాటరీ మీద విని చూడండి.

కోట వీధి శ్రోత:
చూశానండి. చార్జర్ తీసిన క్షణంలో హోరు పోయింది, మళ్లీ పెట్టగానే వచ్చింది!

వంశధార:
అయితే తప్పు అంకెలది కాదు, ఎర్త్‌ది. చార్జర్ నుంచి వచ్చే కరెంటు రొద తీగల గుండా యాంప్లిఫయర్‌లోకి చేరుతోంది. యూఎస్‌బీ తీగలోనూ ఎర్త్ ఉంటుంది కనుక, 22 వేల డాక్‌ను దానితో కలిపినా హోరు అలాగే మిగలవచ్చు. ఆప్టికల్ తీగలో వెలుతురే తప్ప కరెంటు ప్రవహించదు కాబట్టి ఆ దారి అక్కడితో తెగిపోతుంది. ల్యాప్‌టాప్‌కు ఆప్టికల్ లేకపోతే, పాటలను పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టి, టీవీ ఆప్టికల్ నుంచి డాక్‌కు ఇవ్వండి. టీవీ సెట్టింగుల్లో ధ్వనిని పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ ధ్వని) మీద ఉంచడం మరవకండి, కుదించి పంపే డాల్బీలో ఉంటే మామూలు డాక్‌కు అది అర్థం కాదు.

నాగావళి గారితో ఒకచోట మాత్రం విభేదిస్తాను. పాట 16 బిట్లదే అయినా డాక్ 24 బిట్లది తీసుకోవడం మేలు, ఎందుకంటే డాక్‌కు చేరకముందే సౌండ్ తగ్గించినప్పుడు ప్రతి 6 డెసిబెల్స్‌కూ ఒక బిట్టు చొప్పున పోతుంది. ఆప్టికల్ ఇన్‌పుట్, సుమారు 2 వోల్టుల ఆర్‌సీఏ (స్టీరియోలకు వాడే ఎరుపు, తెలుపు గుండ్రటి పిన్నుల) అవుట్‌పుట్ ఉంటే మీ యాంప్లిఫయర్‌కు చాలు. అవి రెండూ ఉన్నవి 8 వేల లోపే దొరుకుతాయి.

కోట వీధి శ్రోత:
టీవీ వెనుక చిన్న మూత తెరిస్తే లోపల ఎర్రటి వెలుతురు కనిపించింది. ఆప్టికల్ ఉన్న 24 బిట్ల డాక్‌నే తెప్పిస్తున్నాను, సౌండ్ ఇకపై యాంప్లిఫయర్ మీదే తిప్పుకుంటాను. ఇద్దరికీ కృతజ్ఞతలు.

వంశధార:
తీగ చివర్లకు ఉన్న ప్లాస్టిక్ తొడుగులు తీసి పెట్టండి. అలమారా వెనుక దాన్ని మడత పడనివ్వకండి, లోపలి పోగు విరిగితే వెలుతురు అవతలికి చేరదు.