విదేశంలో నివసిస్తున్నా అమెరికాకు పన్ను: పౌరసత్వం ఆధారం కావాలా, నివాసమా?

మణికొండ నివాసి (చర్చ ప్రారంభం):
నేను ఇరవై రెండేళ్లు టెక్సాస్‌లో ఉద్యోగం చేసి, అక్కడి పౌరసత్వం తీసుకుని, అమ్మానాన్నల బాగోగులు చూసుకోవడానికి 2019లో హైదరాబాద్‌కు తిరిగి వచ్చాను. ఇప్పుడు నా సంపాదన, ఖర్చు, ఆస్తి అంతా ఇక్కడే ఉన్నా, ఇక్కడి ఆదాయపు పన్ను కట్టాక ప్రతి ఏటా అదే ఆదాయాన్ని అమెరికాకూ లెక్క చెప్పాలి. తమ పౌరులు ఎక్కడ నివసిస్తున్నా ప్రపంచ ఆదాయమంతటి మీద పన్ను విధించే పెద్ద దేశం అమెరికా ఒక్కటే. ఎరిట్రియా కూడా విదేశాల్లోని తన వారినుంచి 2 శాతం వసూలు చేస్తుంది గానీ, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకోవడం అమెరికాకు గౌరవం కాదు. ఈ పద్ధతి పోయి, నివాసాన్ని బట్టే పన్ను ఉండాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

డాలస్ తెలుగు:
మీ ఇబ్బంది అర్థమవుతుంది, కానీ మీ ముగింపుతో ఏకీభవించలేను. ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు, దాని మూలాలు అమెరికా అంతర్యుద్ధ కాలపు పన్ను చట్టాల్లోనే ఉన్నాయి. మెక్సికో నగరంలో స్థిరపడిన కుక్ అనే పౌరుడు, తన ఆదాయం మెక్సికోదే కనుక పన్ను చెల్లదని వాదిస్తే, పౌరుడు ఎక్కడున్నా ప్రభుత్వ రక్షణ అతనితోనే ఉంటుంది కాబట్టి పన్ను వేసే అధికారమూ ఉంటుందని అమెరికా సుప్రీంకోర్టు 1924లో తేల్చింది. ఆ పాస్‌పోర్టు విలువ తెలిసే కదా మనమంతా దానికోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాం? పైగా నివాసమే కొలమానమైతే, ఇక్కడి కంపెనీ షేర్లతో కోట్లు గడించినవారు అమ్మే ముందు వ్యక్తిగత ఆదాయపు పన్ను లేని దుబాయ్‌కి మకాం మారుస్తారు. అప్పుడు ఆ భారం ఇక్కడ జీతం మీద బతికేవారి మీదే పడుతుంది.

పన్ను లెక్కల వృత్తిలో ఉన్నవాడిని:
వాదన ముందుకు సాగేముందు ఒక అపోహ తొలగించాలి. 'ఇక్కడ భారత్‌లో సంపాదించింది అమెరికా ఇచ్చే మినహాయింపులో పోతుంది, అక్కడ రిటర్న్ అవసరం లేదు' అని నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది అంటారు. మినహాయింపు నిజమే. 2025 ఆదాయానికి అది 1,30,000 డాలర్ల దాకా ఉంది. అయితే పన్నెండు నెలల్లో 330 పూర్తి రోజులు విదేశాల్లో ఉండడం వంటి షరతు నెరవేరాలి, రిటర్న్‌తో పాటు ఫారం 2555 జతచేసి దాన్ని అడిగి తీసుకోవాలి. అది జీతానికి, స్వయంకృషితో వచ్చిన సంపాదనకు మాత్రమే వర్తిస్తుంది. వడ్డీకీ, అద్దెకూ, పింఛనుకూ వర్తించదు. వాటికి ఇక్కడ కట్టిన పన్నును ఫారం 1116 ద్వారా అక్కడి పన్నులోంచి తీసివేసుకోవాలి. వాడుకోలేక మిగిలినదాన్ని పదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లవచ్చు. ఇక్కడ పై శ్లాబు 30 శాతం కనుక జీతగాళ్లకు అమెరికాకు కట్టవలసింది సాధారణంగా ఏమీ మిగలదు.

సొంతంగా కన్సల్టింగ్ చేసేవారి సంగతి వేరు. భారత్‌కూ అమెరికాకూ మధ్య సామాజిక భద్రతా ఒప్పందం లేదు కనుక, మినహాయింపు పొందిన సంపాదన మీద కూడా వారు అక్కడి సామాజిక భద్రత, వైద్య పథకాలకు వెళ్లే 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను అమెరికాకు కట్టాలి. 1989లో కుదిరిన పన్ను ఒప్పందం కాపాడుతుందనుకుంటారు గానీ, తన పౌరులపై పన్ను వేసే హక్కును అమెరికా ఆ ఒప్పందంలోనే చాలావరకు అట్టిపెట్టుకుంది.

మణికొండ నివాసి:
డాలస్ గారూ, రెండుసార్లు పన్ను కట్టడం మీద నా ఫిర్యాదు కాదు. పై వివరణ ప్రకారమే అది చాలావరకు తప్పుతుంది. ఒక దేశం కావాలని ఇచ్చిన రాయితీని మరొక దేశం లాగేసుకోవడం నాకు మింగుడుపడడం లేదు. మా నాన్నగారు నా పేర రాసిన మూడెకరాల తరి పొలం కౌలుకు ఇచ్చాం. వ్యవసాయ ఆదాయం మీద భారతదేశం పన్ను వేయదు, కానీ అమెరికా దృష్టిలో ఆ కౌలు మామూలు అద్దె. ఇక్కడ దానిమీద పన్ను కట్టలేదు కనుక అక్కడ తీసివేసుకోవడానికీ ఏమీ లేదు. పీపీఎఫ్ వడ్డీదీ ఇదే కథ: ఇక్కడ పూర్తిగా రాయితీ, అక్కడ ఏటేటా ఆదాయం.

మ్యూచువల్ ఫండ్లది మరీ అన్యాయం. 1986 నాటి అమెరికా పన్ను చట్టం విదేశీ పెట్టుబడి సంస్థల కోసం పెట్టిన కఠినమైన నిబంధన మన మామూలు సిప్‌కూ వర్తిస్తుంది. ముందుగా వేరే పద్ధతి ఎంచుకోకపోతే, అమ్మినప్పుడు వచ్చిన లాభాన్ని ఉంచుకున్న సంవత్సరాలన్నింటికీ పంచి, గత సంవత్సరాల వాటా మీద ఆనాటి గరిష్ఠ రేటుతో పన్ను, పైన వడ్డీ వేస్తారు. అదే లాభం మీద ఇక్కడ 12.5 శాతమే. అమెరికా ఫండ్‌లో పెడదామంటే, భారత్‌లో నివసించే వ్యక్తికి అక్కడి బ్రోకర్లు చాలామంది ఖాతాయే తెరవరు. ఉన్న ఊరి పద్ధతిలో పొదుపు చేసుకునే వీలు పౌరుడికి లేకుండా చేయడం ఏ రక్షణకు ప్రతిఫలం?

విజయవాడ అమ్మ:
మా అబ్బాయి న్యూజెర్సీలో పుట్టాడు, రెండేళ్లప్పుడు తిరిగి వచ్చేశాం. వాళ్ల నానమ్మ ప్రేమతో వాడి పేర డిపాజిట్ వేసింది. విదేశీ ఖాతాల మొత్తం ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ నివేదిక ఇవ్వాలని, పసివాడికీ అది వర్తిస్తుందని, వాడి తరఫున మేమే సంతకం పెట్టాలని ఇటీవలే తెలిసింది. మాకు తెలియకుండా చేసిన తప్పుకు వాడు పెద్దయ్యాక శిక్ష అనుభవిస్తాడా అని నిద్ర పట్టడం లేదు.

పన్ను లెక్కల వృత్తిలో ఉన్నవాడిని:
అమ్మా, కంగారు పడకండి. కావాలని దాచనివారికి స్ట్రీమ్‌లైన్డ్ అనే మార్గం ఉంది: మూడేళ్ల రిటర్నులు అవసరమైతే అవీ, ఆరేళ్ల ఎఫ్‌బార్‌లూ, ఎందుకు ఆలస్యమైందో వివరణా ఇస్తే, విదేశంలో నివసిస్తున్నట్లు అర్హత ఉన్నవారికి జరిమానా ఉండదు. 2023లో బిట్‌నర్ కేసులో కూడా, ఉద్దేశపూర్వకం కాని తప్పుకు జరిమానా ఖాతాకొకటి చొప్పున కాదు, ఏడాదికి ఒక నివేదిక చొప్పునే అని సుప్రీంకోర్టు 5-4తో తీర్పు ఇచ్చింది. దాంతో 27 లక్షల డాలర్లు దాటిన జరిమానా 50,000కి దిగింది. మన ఇళ్లలో వృద్ధులైన తల్లిదండ్రుల ఖాతాలో పిల్లల పేరు జతచేయడం మామూలు. ఆ ఖాతాలూ లెక్కలోకి వస్తాయని మిగతావారు గమనించండి.

డాలస్ తెలుగు:
పొలం సంగతీ, ఈ తల్లి సంగతీ చదివాక నా మాట కొంత సవరించుకుంటున్నాను. ఇలాంటివారికి ఉపశమనం ఉండి తీరాలి. కానీ దుబాయ్ ప్రశ్నకు మీరింకా జవాబివ్వలేదు.

మణికొండ నివాసి:
న్యాయమైన ప్రశ్న. కెనడా, నివాసం వదిలి వెళ్లేవారి ఆస్తుల్లో చాలావాటిని ఆ రోజే అమ్మినట్లు లెక్కగట్టి, అప్పటిదాకా పెరిగిన విలువ మీద పన్ను తీసుకుని, ఆ తర్వాత వదిలేస్తుంది. అమెరికాలో పౌరసత్వం వదులుకునే సంపన్నులకు ఇలాంటి పన్ను 2008 నుంచే ఉంది. దాన్ని నివాసం మారేవారికి వర్తింపజేస్తే షేర్ల కోటీశ్వరుడు తప్పించుకోలేడు, కౌలు రైతు పంపే పదివేలకు నేను ఆడిటర్‌కు నలభై వేలు ఇవ్వనక్కర్లేదు. 2024 డిసెంబరులో అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడు డారిన్ లాహుడ్ నివాసాధారిత పన్ను కోసం బిల్లు పెట్టారు, అది ఆ సభాకాలంతోనే ముగిసింది. విదేశాల్లోని మాకు చివరగా నివసించిన చోటే ఓటు ఉంటుంది కనుక, మీరూ నేనూ ఒకే రాష్ట్రపు ఓటర్లం. మా ప్రతినిధికి ఈ నెల ఉత్తరం రాస్తున్నాను. పీపీఎఫ్, మ్యూచువల్ ఫండ్ నిబంధనల సడలింపు వరకైనా మీరు ఒప్పుకుంటే, ఉత్తరంలో వాటి గురించి రాసే రెండు పేరాల కింద మీ సంతకం కూడా అడుగుతున్నాను.