బైపాస్ పడితే ఊళ్లు పెరుగుతాయా, ఉన్న గిరాకీయే ఊరు మారుతుందా?

మంగళగిరి వాసి:
మా కుటుంబానికి జాతీయ రహదారి పక్కన చిన్న టిఫిన్ హోటల్ ఉంది. చెన్నై–కోల్‌కతా రహదారిపై వెళ్లే లారీలూ కార్లే మాకు ఆధారం. చినఅవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కృష్ణ దాటి కాజ దగ్గర మళ్లీ 16వ నంబరు జాతీయ రహదారిలో కలిసే పశ్చిమ బైపాస్ వల్ల దూరప్రయాణపు బండ్లు మా వైపు రావలసిన అవసరం తీరిపోతుంది. విజయవాడకు ఇది మేలేనని ఒప్పుకుంటాను. సాయంత్రం పూట బెంజి సర్కిల్ దగ్గర నిలబడిపోయిన వారెవరూ కాదనలేరు. అయితే రవాణా పెరిగితే ఆర్థికాభివృద్ధి దానంతటదే వస్తుందని మనం బడిలో చదువుకున్న మాట ఎంతవరకు నిజం? రోడ్డు కొత్త సంపదను పుట్టిస్తుందా, లేక ఒక ఊరి సంపదను మరో ఊరికి చేరవేస్తుందా? ఈ ప్రాంతపు చరిత్ర, వ్యాపారం తెలిసిన పెద్దలు వివరించగలరని కోరుతున్నాను.

బందరు కాలువ గట్టు:
రెండూ జరుగుతాయండీ, రెండింటికీ సాక్ష్యం పాత కృష్ణా జిల్లాలోనే ఉంది. 1901 జనాభా లెక్కల నాటికి బందరులో, అంటే మచిలీపట్నంలో, 39 వేలకు పైగా జనం ఉంటే బెజవాడలో, అంటే నేటి విజయవాడలో, 24 వేల మందే ఉన్నారు. 2011 నాటికి విజయవాడ పది లక్షలు దాటింది, మచిలీపట్నం 1.7 లక్షల దగ్గర ఉంది. నిజాం రైలు మార్గం 1889లో బెజవాడ చేరింది, 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయింది, 1899లో మద్రాసు లైను కలిసింది. బందరుకు రైలు 1908లో గాని రాలేదు, వచ్చింది కూడా అక్కడితో ఆగిపోయే కొస లైను. రైలును ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. 1864 నాటి ఉప్పెన బందరులో సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది, పెద్ద ఓడలు తీరానికి దూరంగా లంగరు వేయవలసి వచ్చేది. అయినా వ్యాపారం రేవు నుంచి కూడలికి తరలిన మాట వాస్తవం.

కాలువల కథ వేరు. 1855లో ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలు పొలానికి నీరూ ఇచ్చాయి, పడవకు దారీ ఇచ్చాయి. రైళ్ల కంటే జలమార్గాలే చవకని కాటన్ దొర చివరిదాకా వాదించడానికి కారణం ఇదే. ఒకే ఖర్చుతో పంటా పెరిగింది, ఆ పంట మార్కెట్టుకు చేరే దారీ దొరికింది కనుక అది ఎవరి నుంచో లాక్కున్న సంపద కాదు.

యార్డు గుమాస్తా, గుంటూరు:
పై వారు చెప్పినది ఊళ్ల మాట. ఒకే ఊళ్లో కూడా రవాణా లాభం ఎవరి చేతికి వస్తుందన్నది చూడాలి. కరోనా కాలంలో రోడ్డు రవాణా చిక్కుల్లో పడినప్పుడు, 2020 జులైలో గుంటూరు పక్కనున్న రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌కు ఎండు మిర్చితో ప్రత్యేక పార్సిల్ రైలు నడిపారు. రోడ్డు మీద టన్నుకు దాదాపు 7,000 రూపాయలు అయ్యే ఖర్చు ఆ రైలులో 4,608 రూపాయలకు దిగింది. రైలు అంత చవకైతే అంతకుముందు అందరూ ఎందుకు వాడుకోలేదని మీరు అడగవచ్చు. మామూలు గూడ్సు రైలుకు ఒక్కసారే 1,500 టన్నులకు పైగా సరుకు చూపాలి, అంత సరుకు పోగుచేయడం చిన్న వ్యాపారుల వల్ల కాదు. పార్సిల్ రైలులో 500 టన్నుల లోపే పంపే వీలు కల్పించారు. పట్టాలు ఎప్పటినుంచో ఉన్నవే, మారింది నిబంధన ఒక్కటే.

ఇక ఆ మిగులు సంగతి. టన్నుకు 2,400 అంటే క్వింటాలుకు సుమారు 240 రూపాయలు. అది రైతుకు చేరుతుందా? మిర్చి యార్డులో కొనుగోలుదారు టిక్కీ (మిర్చి బస్తా) మూతి విప్పి గుప్పెడు కాయలు తీస్తాడు, తేమ చూస్తాడు, తాలు (రంగు పోయిన నాసి కాయలు) ఎంత ఉందో చూస్తాడు, ధర చెబుతాడు. అదే కుప్ప దగ్గరికి ఇంకో ఇద్దరు ముగ్గురు వస్తే కిరాయిలో మిగిలినదాంట్లో కొంత ధరలోకి ఎక్కుతుంది; ఎవరూ రాకపోతే అదంతా ఎగుమతిదారు దగ్గరే ఉండిపోతుంది. పది పన్నెండు టిక్కీలు మాత్రమే పండించిన రైతుకు బండి కిరాయి కూడా గిట్టదు, అందుకని కల్లంలోనే దళారికి అమ్మేస్తాడు. నలుగురు రైతులు కలిసి ఒక బండి మాట్లాడుకున్నప్పుడే యార్డు ధర వాళ్లకు అందుతుంది. అందువల్ల తారు రోడ్డుతో పాటు సరుకును పోగుచేసే ఏర్పాటు, కోల్డ్ స్టోరేజీలో దాచి ఆగగలిగే స్తోమత ఉండాలన్నది నా అభిప్రాయం.

తెనాలి లెక్చరర్:
చర్చంతా సరుకుల చుట్టూనే తిరుగుతోంది, మనుషుల ప్రయాణం ఎవరికీ గుర్తు రాలేదు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో మహిళలకు పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో టికెట్టు ఛార్జీ లేదు. ఇంటి ఖర్చులో చీటికీ మాటికీ కోత పడేది ఆడవాళ్ల ప్రయాణానికే కనుక ఇది చిన్న సంగతి కాదు. కానీ బస్సే రాని ఊరికి ఉచిత టికెట్టు ఎందుకూ కొరగాదు. మా విద్యార్థినుల్లో చాలామంది ఏ కోర్సులో చేరాలన్నది ప్రయోగశాల ఉన్న రోజున తిరుగు బస్సు దొరుకుతుందా అన్నదాన్ని బట్టి నిర్ణయించుకుంటారు. ఊళ్లో నైట్ హాల్ట్ బస్సు ఉంటే పొద్దున్నే మొదటి బండి అక్కడి నుంచే బయలుదేరుతుంది, పూలు, కూరలు అమ్ముకునేవారు ఎండెక్కకముందే పట్నం చేరతారు. ఆ బస్సు ఆగిపోతే రోడ్డు ఎంత బాగున్నా షేర్ ఆటోవాడు అడిగినంత ఇవ్వవలసిందే.

ఆటోనగర్ లారీ యజమాని:
మంగళగిరి వాసి గారూ, మీ భయం సబబైనదే. బైపాస్ పడిన చోట పంక్చర్ షాపులు, టీ కొట్లు, దారిన పోయే గిరాకీ మీద బతికే హోటళ్లు ముందుగా దెబ్బతింటాయి. విజయవాడ ఆటోనగర్ కూడా 16, 65 నంబర్ల రహదారుల కూడలి పుణ్యమా అని ఎదిగినదే. అయితే ఇప్పుడు లారీలు ఇక్కడికి దారిలో ఉందని రావడం లేదు, పనికోసం వస్తున్నాయి. బాడీ కట్టేవారు, కమాన్ పట్టీలు సరిచేసేవారు, పెయింటర్లు, విడిభాగాల దుకాణాలు అన్నీ ఒక్కచోటే దొరికితే డ్రైవరు పది కిలోమీటర్లు పక్కకు తిరగడానికి వెనుకాడడు.

ఇంకొక మాట. 2024 సెప్టెంబరు వరదల్లో ఐతవరం దగ్గర హైదరాబాద్ రహదారి మునిగింది, అదే సమయంలో కేసముద్రం దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. రెండు దారులూ ఒకేసారి తెగితే పాలకూ మందులకూ ఎంత కటకటపడాలో అప్పుడు తెలిసింది. కృష్ణ మీద ఇంకో రోడ్డు వంతెన ఉండడాన్ని గిరాకీ లెక్కల్లో మాత్రమే తూచకూడదు.

మీ హోటల్ విషయంలో ముందుగా కాజ దగ్గర బైపాస్ కలిసే చోట సర్వీసు రోడ్డు ఎటు తిరుగుతుందో, లారీలు నిలుపుకునే స్థలం ఎక్కడ ఇస్తారో కనుక్కోండి. అది తేలకుండా అక్కడ స్థలానికి అడ్వాన్సు ఇవ్వకండి. పాత రోడ్డు మీద విజయవాడ–గుంటూరు మధ్య రోజూ తిరిగే జనం ఎక్కడికీ పోరు. వాళ్లు ఉదయం టిఫిన్‌కు ఆగేలా చూసుకోగలిగితే చోటు మార్చకపోయినా నడుస్తుంది.