కొట్టొద్దు, ఊపితే చాలు: పక్, స్లాప్‌షాట్, మోషన్ కంట్రోల్‌కు తెలుగు మాటలేమిటి?

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. మీ ముందు పెడుతున్నాను.

మేముండేది కెనడాలో, ఎడ్మంటన్‌లో. ఇక్కడ హాకీ అంటే మంచు మీద ఆడేదే. ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ గురించి చెప్పాలంటే ముందు ‘ఫీల్డ్’ అని తగిలించాలి. మొన్న పిల్లాడి కోసం, నింటెండో వీ అనే వీడియో గేమ్ యంత్రం మీద ఆడే పాత గేమ్ ఒకటి కొన్నాను. 2010లో వచ్చిన ‘ఎన్‌హెచ్‌ఎల్ స్లాప్‌షాట్’ అనే మంచు హాకీ ఆట. దాంతో ఒక ప్లాస్టిక్ హాకీ కర్ర వస్తుంది. రిమోటునూ, దానికి జతగా రెండో చేత్తో పట్టుకునే నన్‌చక్‌నూ ఆ కర్రలోనే బిగించి, రెండు చేతులా పట్టుకుని టీవీ ముందు నిలబడి ఆడాలి.

తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ కూడా కర్ర అందుకుంది. కొంగు బొడ్లో దోపి, కార్పెట్ మీద నిజంగా ఏదో ఉన్నట్టు గురిచూసి ఒక్కటిచ్చింది. కర్ర కార్పెట్‌కు తగిలి ఆగిపోయింది. ‘కొడుతున్నానుగా, తగలదేంట్రా?’ అంది. తొమ్మిదేళ్ళ మావాడు ‘కొట్టొద్దు నానమ్మా, ఊపితే చాలు’ అన్నాడు.

వాడు తెలుగులో అంత కచ్చితంగా మాట్లాడగా వినడం నాకదే మొదలు. కొట్టడానికి ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి, దానికి దెబ్బ తగలాలి. ఊపడానికి చేతిలో ఉన్నది చాలు. ఆ యంత్రం చేసేదీ అంతే. రిమోటులోని చిన్న పరికరం చేతి వేగం ఎంత మారిందో, ఎటు మారిందో పసిగడుతుంది. టీవీ మీద పెట్టే సన్నటి పట్టీకి సెన్సర్ బార్ అని పేరేగానీ, అది దేన్నీ చూడదు. కంటికి కనబడని పరారుణ కాంతిని వెదజల్లుతుంది, అంతే. చూసే కన్ను రిమోటు కొనలోనే ఉంటుంది. దెబ్బ సంగతి దానికి అక్కర్లేదు, కావలసింది ఊపే.

ఇప్పుడు అసలు విషయం. ఇలా చేతి కదలికతో ఆటను నడిపే ‘మోషన్ కంట్రోల్’ను ‘చలన నియంత్రణ’ అంటే నాకు అస్సలు నప్పడం లేదు. కాలుష్య నియంత్రణ, జనాభా నియంత్రణ, ధరల నియంత్రణ... మన చెవికి ఇవన్నీ అదుపు చేయడాలు, తగ్గించడాలు. ఆ వరసలో చలన నియంత్రణ అంటే కదలకుండా కూర్చోబెట్టడం అవుతుంది. ఆటేమో కదిలితేనే సాగుతుంది! ‘ఊపు ఆట’ అంటే ఎలా ఉంటుంది? ఊపు అన్న మాటలో కదలికా ఉంది, హుషారూ ఉంది.

మంచు హాకీలో బంతికి బదులు వాడే పక్‌కు మాట వెతుక్కోనక్కర్లేకుండా అమ్మే ఇచ్చేసింది. ‘బిళ్ళ ఎటు పోయిందిరా?’ అని అడిగింది. తొక్కుడుబిళ్ళ ఆడిన మనిషికి నేలమీద జారే చదునైన ముక్క బిళ్ళ కాక ఇంకేమవుతుంది? అసలు పక్ గట్టి రబ్బరు బిళ్ళే. అడ్డం మూడంగుళాలు, మందం ఒక అంగుళం. ఎక్కువ ఎగరకుండా ఉండాలని ఆటకు ముందు ఫ్రీజర్లో పెడతారు.

ఇక స్లాప్‌షాట్. కర్రను వెనక్కి బాగా ఎత్తి, బిళ్ళకు కాస్త ఇవతల మంచునే చరుస్తారు. కర్ర విల్లులా వంగి, తిరిగి సాగేటప్పుడు ఆ బలమంతా బిళ్ళకు అందుతుంది. చరిచేది మంచును, పరుగెత్తేది బిళ్ళ. అందుకే ‘చరుపు’ అందామనిపిస్తోంది. తొడ చరచడం, వీపు చరచడం మనకున్నవే. రిస్ట్‌షాట్‌లో కర్ర బిళ్ళను అంటుకునే ఉండి, మణికట్టు తిప్పుతో ముందుకు విసురుతుంది. బిళ్ళంగోడులో గుంతలోంచి బిళ్ళను లేపడాన్ని మా ఊళ్ళో చిమ్మడం అనేవాళ్ళం. దీనికి అదే సరిపోతుంది.

మీరేమంటారు?

జవాబు (కరీంనగర్ నుంచి): అన్నా, పక్‌కు బిళ్ళే ఖాయం చెయ్యిండ్రి. మా దిక్కు బిళ్ళంగోడును చిర్రగోనె అంటం. కానీ పక్‌ను చిర్ర అంటే కుదరది. చిర్ర రెండు దిక్కుల మొనదేలి ఉంటది, పక్ గుండ్రంగుంటది. రూపాయిబిళ్ళ లెక్క.

జవాబు (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు): బాబూ, ‘చలన నియంత్రణ’ను చలనముచేత నియంత్రణ అని తృతీయా తత్పురుషగా విడదీస్తే తప్పేమీ లేదు. అయితే గాలిలో కర్ర తిప్పడానికి ‘ఝళిపించు’ ఉంది కదా. కత్తి ఝళిపించాడు అంటే ఎవరికీ తగలనక్కర్లేదు.

నా జవాబు: మేడమ్, విగ్రహవాక్యం మీరన్నట్టు కుదురుతుంది, ఒప్పుకుంటాను. కానీ సమాసాన్ని చదివేవాళ్ళు విడదీసి చూడరు, పక్కనున్న మాటల వరసలో పెట్టి వింటారు. ఆ వరస కాలుష్యానిదీ ధరలదీ అయిపోయింది. ‘ఝళిపించు’ నాకు తట్టనే లేదు, ఎంత మంచి మాట! కాకపోతే అందులో బెదిరింపు ఉంది. కత్తినీ కొరడానీ ఝళిపిస్తాం, ఉయ్యాలను ఊపుతాం. పసివాడు నానమ్మకు చెప్పేటప్పుడు ‘ఊపు’ అనే అంటాడు. ఆటలో గోల్ కొట్టాక కర్ర పైకెత్తి తిప్పుతారు చూడండి, దానికి మీ ఝళిపింపును ఉంచుకుందాం.

అన్నా, చిర్ర గురించి చెప్పింది నిజమే, దాన్ని వదిలేస్తున్నా. మరి గుంతలోంచి చిర్రను లేపడాన్ని మీ దిక్కు ఏమంటారు? చిమ్ముడేనా, వేరే మాట ఉందా?