తెలుగు బైబిల్లో ‘యెహోవా’ బదులు ‘ప్రభువు’ అని పెట్టవచ్చా?

గోదావరి గట్టు:
అందరికీ వందనాలు. మా యవ్వనస్థుల బైబిల్ స్టడీలో ఒక ప్రశ్న వచ్చి ఎటూ తేలలేదు. “యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు” అని చిన్నప్పుడే 23వ కీర్తన కంఠతా పట్టినవాళ్ళం మనం. ఇంగ్లీషు బైబిళ్ళలో ఎక్కువ వాటిలో అదే చోట ‘లార్డ్’ అని ఉంటుంది. వాడుక భాషలో కొత్తగా అనువదిస్తే తెలుగులోనూ ‘ప్రభువు’ అనే ఉండాలని మాలో సగం మంది అంటున్నారు. మిగతావాళ్ళు ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

హీబ్రూ విద్యార్థి:
ప్రభువు అనే ఉండాలండి. ‘యెహోవా’ అసలు ఉచ్చారణ కాదు. పాతకాలంలో హీబ్రూలో హల్లులే రాసేవారు, గుణింతాలు ఉండేవి కావు. దేవుని పేరు నాలుగు హల్లులు: య, హ, వ, హ. దాన్ని పలకడానికి జంకి, యూదులు చదివేటప్పుడు ‘అదోనాయి’, అంటే ‘నా ప్రభువు’ అనేవారు. తర్వాత మసోరెతు పండితులు, అంటే హీబ్రూ లేఖనాల ప్రతులను భద్రపరిచిన యూదు పండితులు, అచ్చుల గుర్తులు చేర్చినప్పుడు, పాఠకుడికి గుర్తుండేలా ఆ హల్లుల మీద అదోనాయి అచ్చులు పెట్టారు. రెండూ కలిపి చదవడం వల్ల వచ్చిందే యెహోవా. అసలు పలుకు ‘యాహ్వె’కు దగ్గరగా ఉండేదని ఎక్కువ మంది పండితుల అభిప్రాయం.

అంతకన్నా పెద్ద విషయం ఇంకొకటి ఉంది. యోవేలు 2:32లో “యెహోవా నామమునుబట్టి” అని మనం చదివే మాటనే పౌలు రోమా 10:13లో “ప్రభువు నామమునుబట్టి” అని రాశాడు. ఆ ప్రభువు యేసేనని అంతకు నాలుగు వచనాల ముందే చెప్పాడు. మన విశ్వాసానికి ఆయువుపట్టు ఇదే. తెలుగులో ఒకచోట యెహోవా, ఇంకోచోట ప్రభువు ఉండేసరికి ఈ లంకె మనవాళ్ళకు కనబడకుండా పోతోంది. నాకు చాలా బాధగా ఉంటుంది.

కాపరి కూతురు:
బ్రదర్, మీ బాధ అర్థమైంది. లంకె మాట నిజమే. కానీ మార్చితే పోయేదేమిటో కూడా చూడాలి.

పాత నిబంధనలో ఈ పేరు 6,800 సార్లకు పైగా వస్తుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ‘లార్డ్’ అని రాసినా, అన్నీ పెద్దక్షరాల్లో అచ్చువేస్తారు. మామూలు ‘లార్డ్’ వేరు, పేరుకు బదులు వచ్చిన ‘లార్డ్’ వేరు అని కంటికి తెలుస్తుంది. తెలుగు లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు ఎక్కడున్నాయి? వాళ్ళ ఉపాయం మనకు పనికిరాదు.

యెహెజ్కేలు గ్రంథం తీయండి. “ప్రభువైన యెహోవా” అనే మాట అందులో రెండు వందల సార్లకు పైగా ఉంది. హీబ్రూలో అది అదోనాయి, ఆ పక్కనే దేవుని పేరు. మీ పద్ధతిలో అయితే “ప్రభువైన ప్రభువు” అవుతుంది. అది బాగోదని “ప్రభువైన దేవుడు” అంటే, ఆదికాండం 2వ అధ్యాయంలోని “దేవుడైన యెహోవా” కూడా మారి అదే రూపానికి వస్తుంది. మూలంలో రెండు వేర్వేరు మాటలు, తెలుగులో ఒకటే.

కర్మెలు కొండ మీద ఏలీయా ప్రవక్త బయలు దేవత ప్రవక్తలతో పోటీకి నిలిచి, అగ్ని పంపేవాడే దేవుడని తేల్చిన సంగతి (1 రాజులు 18) నాకు ఇంకా ముఖ్యం. బయలు అన్న మాటకు అర్థమే ‘యజమాని, ప్రభువు’. ఆ రోజు తేలాల్సింది ప్రభువు ఉన్నాడా లేడా అని కాదు, ఏ ప్రభువు దేవుడు అని. అగ్ని దిగాక జనం సాగిలపడి “యెహోవాయే దేవుడు, యెహోవాయే దేవుడు” అని కేకలు వేశారు. అక్కడ “ప్రభువే దేవుడు” అని పెట్టి ఒకసారి చదవండి. బయలు భక్తుడు కూడా నిరభ్యంతరంగా అనగల మాట అది! బిరుదు ఎవరికైనా చెల్లుతుంది, పేరు ఒక్కరిదే.

ఉచ్చారణ తప్పంటారా? ‘యేషువ’ అన్న పేరు గ్రీకులో ‘యేసూస్’ అయి, మన దగ్గర ‘యేసు’ అయింది. దాన్ని మార్చమని ఎవరూ అడగరు. యిర్మీయా, జెకర్యా పేర్లూ అలా మారి వచ్చినవే.

గుణదల భక్తుడు:
కథోలికుల వైపు నుంచి ఒక మాట. ఆరాధనలో ఆ నాలుగక్షరాల పేరు పలకవద్దని, ‘ప్రభువు’కు సమానమైన మాట వాడమని 2008లో వాటికన్ నుంచి లేఖ వచ్చింది. యూదుల భక్తిని, తొలి సంఘపు అలవాటును గౌరవించడమే అది. ఇంకొకటి: ప్రభువు ఒక్కటే మాట కాదండీ. మరియమ్మకు చెప్పే మా మంగళవార్త జపంలో “ఏలినవారు మీతో ఉన్నారు” అంటాం. పాతకాలపు తెలుగే, అయినా అందులో ఉన్న వినయం నాకు ‘ప్రభువు’లో దొరకదు.

హీబ్రూ విద్యార్థి:
ఏలినవారు! ఈ మాట నేను మరిచేపోయాను. అదోనాయికి ఏలినవారు, పేరుకు ప్రభువు అని పెడితే “ప్రభువైన ప్రభువు” బెడద తీరుతుందేమో.

కర్మెలు విషయంలో మాత్రం కాపరి కూతురు గారి వాదనకు నా దగ్గర జవాబు లేదు. అయినా రోమా 10:13 సంగతి అలాగే ఉంది. అపొస్తలులు చదివిన పాత నిబంధన గ్రీకు అనువాద ప్రతుల్లో ‘కురియోస్’, అంటే ప్రభువు, అనే ఉంది కదా?

కాపరి కూతురు:
అన్ని ప్రతుల్లోనూ కాదండి. ఈజిప్టులో దొరికిన ద్వితీయోపదేశకాండం గ్రీకు పపైరస్ (పాతకాలపు రెల్లు కాగితపు రాతప్రతి) ఒకటుంది, క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంది. వచనమంతా గ్రీకులో రాసి, దేవుని పేరు వచ్చిన చోట మాత్రం హీబ్రూ అక్షరాలే వేశారు. కొత్త నిబంధన ప్రతుల్లో కురియోస్ ఉన్నమాట వాస్తవం. అందుకే అక్కడ ప్రభువు అనే ఉంచాలి, యెహోవా అని చొప్పించకూడదు.

లంకె కోసం రోమా 10:13 కింద యోవేలు వచనాన్ని పూర్తిగా అచ్చువేయాలి. ఉత్త రిఫరెన్సు అంకెలు వేస్తే ఎవరూ పేజీ తిప్పి చూడరు.

గోదావరి గట్టు:
అచ్చు సరే, మరి చదవడం రానివాళ్ళ మాటేమిటి? మా సంఘంలో పెద్దవాళ్ళు చాలామంది విని నేర్చుకున్నవాళ్ళే. ఫుట్‌నోటు వినబడదు కదా.

కాపరి కూతురు:
వినేవాళ్ళకు ఇంగ్లీషు పెద్దక్షరాలు కూడా వినబడవు. పేరైతే వినబడుతుంది. రోమా పత్రిక చదివే రోజున పాస్టర్ గారు ముందు యోవేలు వచనం చదివి, ఆ వెంటనే 10:13 చదివితే చాలు. రెండు నిమిషాల పని, ఈ ఆదివారమే చేయవచ్చు.