అప్‌డేట్: బౌన్స్ మెయిల్స్ గోల చాలావరకు తగ్గింది

న్యూస్‌లెటర్ పంపిన ప్రతిసారీ వందల్లో బౌన్స్‌లు (చేరకుండా తిరిగొచ్చే మెయిల్స్) వస్తున్నాయి, ఏ అడ్రస్ తీసేయాలి, ఏది ఉంచాలి అని అడిగింది నేనే.

మీరు చెప్పినట్టు ముందు ఆ బౌన్స్‌లలో ఉండే ఎర్రర్ కోడ్‌లు చూశాను. 4తో మొదలయ్యేవి తాత్కాలికం, సర్వరే మళ్లీ ప్రయత్నిస్తుంది, వాటి జోలికి పోలేదు. 5.1.1 అంటే ఆ అడ్రసే లేదు, వెంటనే తీసేశాను.

అసలు తప్పు ఇక్కడే చేశాను. 5తో మొదలైతే చాలు, అన్నీ తీసేసేలా స్క్రిప్ట్ రాసేశాను. అందులో 5.7.1లు కూడా పోయాయి! అది అడ్రస్ తప్పు కాదు, అవతలి సర్వర్ మన మెయిల్‌ను ఒప్పుకోకపోవడం. చూస్తే మా కొత్త సర్వర్ ఐపీని ఎస్‌పీఎఫ్ రికార్డులో (మన డొమైన్ పేరుతో మెయిల్ పంపడానికి అనుమతి ఉన్న సర్వర్ల జాబితా) చేర్చడమే మర్చిపోయాను. బ్యాకప్ ఉంది కాబట్టి బతికిపోయాను.

మెయిల్ వేరే అడ్రస్‌కి వెళ్లేలా ఫార్వర్డ్ పెట్టుకున్నవాళ్ల బౌన్స్‌లు లిస్టులో లేని అడ్రస్ పేరుతో వచ్చేవి. వెర్ప్ (VERP) అనే పద్ధతి ఆన్ చేశాక ఆ తలనొప్పి పోయింది: ఒక్కొక్కరికీ వేరే రిటర్న్ అడ్రస్ (బౌన్స్ తిరిగొచ్చే అడ్రస్) వెళ్తుంది కాబట్టి, బౌన్స్ ఎవరిదో దాన్ని బట్టే తెలిసిపోతుంది.

ఇక మిగిలింది సెలవులో ఉన్నామనే ఆటో రిప్లైలు. స్క్రిప్ట్ వాటినీ బౌన్స్‌లుగా లెక్కేస్తోంది, ఈ వారం అది చూస్తాను.