కాపర్ + నైట్రిక్ యాసిడ్: నైట్రోజన్ సమీకరణాలు మీరెలా బ్యాలెన్స్ చేస్తున్నారు?

ఫస్టియర్_ఎంపీసీ (తిరుపతి):
మాది బైరాగిపట్టెడ. కాపర్, సజల (పలచని) నైట్రిక్ యాసిడ్ సమీకరణం అస్సలు కుదరడం లేదు. నైట్రోజన్ సరిచేస్తే ఆక్సిజన్ తేడా వస్తోంది. కాపర్, యాసిడ్ → కాపర్ నైట్రేట్, నైట్రిక్ ఆక్సైడ్, నీళ్లు, వీటి ముందు వరుసగా 3, 8, 3, 2, 4 అని బట్టీ పట్టేస్తే పరీక్షకు సరిపోతుందా?

కెమిస్ట్రీ_మాస్టారు (చిత్తూరు):
బట్టీ వద్దు నాయనా. ప్రశ్నలో 'గాఢ' అని ఒక్క మాట మారితే చాలు, నీ అంకెలన్నీ పోతాయి. గాఢ యాసిడ్ అయితే 1 కాపర్‌కి 4 యాసిడ్, వచ్చేది నైట్రోజన్ డయాక్సైడ్.

ముందు ఆక్సిడేషన్ నంబర్లు (పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు ఇచ్చిందో, తీసుకుందో లెక్క చెప్పే అంకెలు) వేసుకో. యాసిడ్‌లో నైట్రోజన్ +5, నైట్రిక్ ఆక్సైడ్‌లో +2. అంటే 3 ఎలక్ట్రాన్లు తీసుకుంది. కాపర్ 0 నుంచి +2కి వెళ్లి 2 ఇచ్చింది. రెండూ సమానం కావాలంటే 3 కాపర్, 2 నైట్రిక్ ఆక్సైడ్.

పిల్లలు ఆగిపోయేది దీని తర్వాతే. 3 కాపర్ నైట్రేట్‌లలో 6 నైట్రోజన్లు ఉన్నాయి కదా, అవి ఏమీ మారలేదు, +5లోనే ఉన్నాయి. మారినవి 2, మారనివి 6, మొత్తం 8 యాసిడ్. 8 హైడ్రోజన్లకు 4 నీళ్లు. ఇక ఆక్సిజన్ చూడు: ఎడమ 24, కుడి 18+2+4. సరిపోయింది.

ట్యూషన్_అక్క (మదనపల్లె):
పదో తరగతి వాళ్లకు ఇంత అక్కర్లేదు. లెడ్ నైట్రేట్ వేడి చేసే సమీకరణంలో లెడ్, నైట్రోజన్ ముందు సరిచేయమంటాను. చివర్లో ఆక్సిజన్ అణువు సగమే మిగులుతుంది. అప్పుడు అన్నిటినీ రెట్టింపు చేస్తే 2 లెడ్ నైట్రేట్ → 2 లెడ్ ఆక్సైడ్ + 4 నైట్రోజన్ డయాక్సైడ్ + 1 ఆక్సిజన్.

ల్యాబ్_అన్న (తిరుపతి):
ఒక మాట. సజల యాసిడ్‌తో ప్రయోగం చేసినా పరీక్షనాళిక మూతి దగ్గర గోధుమ రంగు పొగే కనబడుతుంది. అది చూసి చాలామంది నైట్రోజన్ డయాక్సైడ్ అని రాసేస్తారు. నైట్రిక్ ఆక్సైడ్‌కు రంగు లేదు, గాలిలోని ఆక్సిజన్ తగిలాకే గోధుమ రంగులోకి మారుతుంది. ఏది ఉత్పన్నమో తప్పు రాస్తే ఎంత బాగా బ్యాలెన్స్ చేసినా మార్కులు రావు. ఆ పొగ విషం, ఫ్యూమ్ హుడ్ (పొగను బయటకు లాగే ల్యాబ్ పెట్టె) లేకుండా చేయొద్దు.

ఫస్టియర్_ఎంపీసీ:
థ్యాంక్స్ సార్, అన్నా. మరి జింక్‌కు బాగా పలచని యాసిడ్ కలిపితే అమ్మోనియం నైట్రేట్ అంటున్నారు. అందులో రెండు నైట్రోజన్లు ఉన్నాయి, ఏది పట్టుకోవాలి?

కెమిస్ట్రీ_మాస్టారు:
మంచి ప్రశ్న. అమ్మోనియం వైపు నైట్రోజన్ -3, అదే మారింది. +5 నుంచి -3 అంటే 8 ఎలక్ట్రాన్లు, కాబట్టి 4 జింక్. రెండోది మారలేదు. ఇక యాసిడ్ ఎన్నో నువ్వే కట్టి చెప్పు.

ఫస్టియర్_ఎంపీసీ:
జింక్ నైట్రేట్‌లలో 8, అమ్మోనియం నైట్రేట్‌లో 2, మొత్తం 10 యాసిడ్. హైడ్రోజన్ 10లో 4 అమ్మోనియంకు పోతే మిగిలిన 6కి 3 నీళ్లు. ఆక్సిజన్ రెండు వైపులా 30 వచ్చింది సార్!