1986-93 బేస్‌బాల్ కార్డులు, రెండు పెట్టెలు: అమ్మితే ఎంతొస్తుంది? అసలు ఎవరైనా కొంటారా?

బేస్‌మెంట్_బరువు:

న్యూజెర్సీలో పెద్దవాళ్ళ ఇల్లు ఖాళీ చేస్తున్నాం. బేస్‌మెంట్‌లో ఆటగాళ్ళ ఫొటోలున్న కార్డులు 5000 పట్టే అట్టపెట్టెలు రెండు, తొమ్మిది జేబుల ప్లాస్టిక్ పేజీల బైండర్లు నాలుగు తేలాయి. అన్నీ 1986 నుంచి 1993 మధ్యవి: టాప్స్, డాన్‌రస్, ఫ్లీర్, స్కోర్, అప్పర్ డెక్ కంపెనీలవి. ముప్పావు వంతు బేస్‌బాల్, మిగతావి బాస్కెట్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్.

పెట్టెలోనే 1991 నాటి బెకెట్ ధరల పత్రిక ఉంది. దాని ప్రకారం కూడితే మూడు వేల డాలర్లు దాటుతోంది. ఈబేలో చూస్తే అదే కార్డుకి ఒకరు 5000 డాలర్లు పెట్టారు, ఇంకొకరు 99 సెంట్లు పెట్టారు. ఒక కార్డుల షాపుకి ఫోన్ చేస్తే "ఏ సంవత్సరాలవి?" అని అడిగారు. చెప్పగానే వద్దన్నారు.

ధర నిజంగా ఇంత పడిపోయిందా? పదివేల కార్డుల్లో ఏవి ఏరాలి? గ్రేడింగ్‌కి (కార్డు అసలుదేనా, ఎంత బాగుందో చూసి పదికి ఇన్ని అని అంకె వేసే కంపెనీకి) పంపాలా? చేతిలో మూడు వారాలే ఉన్నాయి.

ముప్పైఐదు_పాయింట్:

షాపువాళ్ళు ముందు సంవత్సరం అడిగారు చూశారా, సగం జవాబు అందులోనే ఉందండి. మీరు చెప్పిన కాలానికి ఈ వ్యాపారంలో "జంక్ వ్యాక్స్" అని పేరు. వ్యాక్స్ అంటే అప్పట్లో కార్డులు చుట్టి ఇచ్చిన మైనం కాగితం. జంక్ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

1956లో టాప్స్ తన పోటీదారు బౌమన్‌ని కొనేసింది. అక్కణ్ణుంచి పాతికేళ్ళు బేస్‌బాల్ కార్డులంటే దాదాపు టాప్సే. 1980లో కోర్టు తీర్పు ఫ్లీర్ వైపు వచ్చింది, 1981లో ఫ్లీర్, డాన్‌రస్ రెండూ దిగాయి. ఆ తీర్పు అప్పీల్లో తిరగబడినా వాళ్ళు ఆగలేదు. బబుల్‌గమ్‌తో కార్డులమ్మే హక్కు టాప్స్‌దే కాబట్టి ఒకరు స్టిక్కర్లు పెట్టి, ఒకరు పజిల్ ముక్కలు పెట్టి అమ్మారు. 1988లో స్కోర్, 1989లో అప్పర్ డెక్ వచ్చాయి. ఇన్ని ప్రెస్సులు ఒకేసారి తిరిగాయి. ఎన్ని వేశారో ఏ కంపెనీ బయటపెట్టలేదు.

అదే సమయంలో 1950ల కార్డుల ధరలు పత్రికలకెక్కాయి. అందరి కళ్ళూ 1952 టాప్స్ మికీ మాంటిల్, నంబర్ 311 మీదే. 2022 ఆగస్టులో ఒక కాపీ 1 కోటి 26 లక్షల డాలర్లకి పోయింది. అయితే ఆ కార్డు అంత పలకడానికి కారణం పాతది కావడం ఒక్కటే కాదు. పిల్లలు సైకిల్ చక్రాలకి తగిలించారు, అమ్మలు చెత్తలో వేశారు, అమ్ముడుపోని సరుకుని 1960లో టాప్సే అట్లాంటిక్‌లో పారబోయించింది. మన ఊళ్ళల్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు మూలలు అరిగేదాకా ఆడి ఎక్కడో పడేశాం కదా, అలాగన్నమాట. 1987లో మాత్రం ఒక్కరూ పడేయలేదు. కొన్నరోజే ప్లాస్టిక్‌లో పెట్టి, కాలేజీ ఫీజులకి పనికొస్తుందని దాచారు. దాచిన పెట్టెలన్నీ ఇప్పుడు మీ ఇంట్లోలాగే బేస్‌మెంట్లలోంచి ఒకేసారి బయటికొస్తున్నాయి. కొనేవాళ్ళూ వాళ్ళే, అమ్మేవాళ్ళూ వాళ్ళే. 1994 ఆగస్టు 12న ఆటగాళ్ళ సమ్మె మొదలై, ఆ ఏడాది వరల్డ్ సిరీసే రద్దయింది. అప్పటికే వాలుతున్న బజారు దాంతో కూలబడింది.

ఆ 1991 బెకెట్‌ని జ్ఞాపకంగా ఉంచుకోండి, లెక్కకి వాడకండి. అందులో రాసింది కొత్తగా ఉన్న కార్డుని షాపు మీకు అమ్మే ధర. మీ దగ్గర షాపు కొనే ధర అప్పుడు కూడా అందులో సగానికి లోపే. ఈబేలో 5000 అని పెట్టినదాన్నీ పట్టించుకోవద్దు, అడగడానికి డబ్బులేం పడవు. ఎడమ వైపు ఫిల్టర్లలో "సోల్డ్ ఐటమ్స్" నొక్కి, నిజంగా అమ్ముడైనవే చూడండి. బేరమాడి కొన్నవాటికి ఈబే అమ్మినాయన అడిగిన ధరనే గీత కొట్టి చూపిస్తుంది, ఎంతకి కుదిరిందో చెప్పదు. ఆ బేరం ధర ఎంతో 130పాయింట్ సైటులో దొరుకుతుంది.

సెట్_నంబర్_792:

పై కారణాలన్నీ ఒప్పు. నేను ఏరడం గురించి చెబుతాను. పదివేల కార్డులకి రెండు సాయంత్రాలు చాలు.

మొదట సంవత్సరం, కంపెనీ వారీగా కుప్పలు వేయండి. చాలా కార్డుల మీద సంవత్సరం కొట్టొచ్చినట్టు ఉండదు. వెనక ఆటగాడి గణాంకాల పట్టికలో చివరి వరుస చూసి ఒకటి కలపండి. చివరి వరుస 1986 అయితే అది 1987 కార్డు. ముందువైపు చెక్క బల్లలాంటి అంచు కనిపిస్తే 1987 టాప్స్. మీ పెట్టెల్లో అదే గుట్టలుగా ఉంటుంది, సెట్టుకి 792 కార్డులు.

తర్వాత ప్రతి కుప్పలో కింది నంబర్లే వెతకండి. మిగతావాటి మొహాలు చూడక్కర్లేదు.

1989 అప్పర్ డెక్ నంబర్ 1, కెన్ గ్రిఫీ జూనియర్. ఆ ఫొటోలో ఆయన పెట్టుకున్నది అసలు మైనర్ లీగ్ టోపీ, రంగు దిద్ది ఆయన పెద్ద లీగ్ టీము మారినర్స్ టోపీ చేశారు. ఈ కాలం మొత్తానికీ ముఖచిత్రం లాంటి కార్డు ఇదే.

1990 టాప్స్ నంబర్ 414, ఫ్రాంక్ థామస్. ముందువైపు పేరు లేకుండా పొరపాటున అచ్చయిన కాపీ అయితే వేలల్లో పలుకుతుంది, పేరుంటే డాలరో రెండో. పేరు గీకేసిన దొంగ కాపీలు తిరుగుతున్నాయి. దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే గీకిన చోట మెరుపు చచ్చి ఉంటుంది.

1989 ఫ్లీర్ నంబర్ 616, బిల్లీ రిప్కెన్. బ్యాటు పిడి చివర బూతుమాట కనబడేది ఇదే. అందరూ ఆ బూతే అరుదనుకుంటారు. నిజానికి అరుదైనది దాన్ని తెల్లరంగుతో కప్పిన కాపీ. నల్ల చదరం పెట్టి కప్పింది చవక.

1991 టాప్స్‌లో డెజర్ట్ షీల్డ్ అని బంగారు ముద్ర ఉన్నవి గల్ఫ్‌లోని సైనికులకి పంపినవి. ముద్ర ఉందా అన్నది చూడండి, కానీ దొంగ ముద్రలు ఎక్కువ. 1992 బౌమన్ (కొనేసిన ఆ పేరుతో టాప్సే మళ్ళీ వేసిన సెట్టు) నంబర్ 302 మరియానో రివేరా, 1993 ఎస్‌పీ (అప్పర్ డెక్ వాళ్ళ సెట్టు) నంబర్ 279 డెరెక్ జీటర్ కూడా పక్కన పెట్టండి. జీటర్ కార్డుకి చుట్టూ రేకు మెరుపు ఉంటుంది, అంచులు ఇట్టే లేస్తాయి, అందుకే బాగున్న కాపీకి అంత రేటు.

బాస్కెట్‌బాల్ కుప్పలో 1986 ఫ్లీర్ ఏవైనా ఉంటే అన్నీ విడిగా తీయండి. ఆ సెట్టు 132 కార్డులే, నంబర్ 57 మైకేల్ జోర్డాన్. ఫుట్‌బాల్‌లో 1989 స్కోర్ నంబర్ 257 బ్యారీ శాండర్స్. ఇంకో తమాషా: 1990 హూప్స్ అనే బాస్కెట్‌బాల్ సెట్టులో నంబర్ 205 మార్క్ జాక్సన్ కార్డులో వెనక ప్రేక్షకుల వరుసలో, తల్లిదండ్రుల్ని చంపిన మెనెండెజ్ అన్నదమ్ములు కూర్చుని ఉంటారు. ఆటతో సంబంధం లేని కారణానికి కొన్ని డాలర్లు పలికే కార్డు.

1987 టాప్స్‌లో బాండ్స్ 320, బో జాక్సన్ 170, మెగ్వైర్ 366 తీసి ఒక్క లాటుగా కట్టండి. విడివిడిగా అమ్మితే పోస్టు ఖర్చే ధరని మింగేస్తుంది.

తీసిన ప్రతి కార్డూ వెంటనే మెత్తటి పెన్నీ స్లీవ్‌లోకి, దాని మీద 35 పాయింట్ల (కార్డు మందానికి కొలత) టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులోకి వెళ్ళాలి. స్లీవ్ లేకుండా గట్టి ప్లాస్టిక్‌లోకి తోస్తే మూల అక్కడే పోతుంది. 1989 బౌమన్ కార్డులు మిగతావాటికంటే పావు అంగుళం పొడుగు, మామూలు టాప్‌లోడర్‌లో పైకి పొడుచుకొస్తాయి. బలవంతంగా నొక్కకండి.

బేస్‌మెంట్_బరువు:

ధన్యవాదాలండి. ఏరగా దొరికినవి: గ్రిఫీ నంబర్ 1 రెండు కాపీలు (ఒకదానికి ఎడమ తెల్ల అంచు కుడిదానికి రెట్టింపు ఉంది). 1986 ఫ్లీర్ జోర్డాన్ ఒకటి, నాలుగు మరలు బిగించిన మందపాటి ప్లాస్టిక్‌లో ఉంది. 1987 టాప్స్ విప్పని బాక్సులు రెండు. బైండర్లలోవి కొన్ని జిడ్డుగా, పేజీకి అతుక్కుని ఉన్నాయి. గ్రిఫీలు, జోర్డాన్ మూడింటినీ గ్రేడింగ్‌కి పంపేయమంటారా?

పదోవంతు_గ్రేడ్:

మూడూ వద్దు. ముందు జోర్డాన్ సంగతి.

మరలు ఒక్కోటీ కొద్దికొద్దిగా, మూలకి ఎదురు మూల లెక్కన వదులు చేయండి. ఒకవైపే పూర్తిగా విప్పితే కార్డు వంగుతుంది. ఏళ్ళ తరబడి ఆ బిగింపులో ఉన్న కార్డు అణిగి కొలత సాగుతుంది. ఉండాల్సింది 2.5 × 3.5 అంగుళాలు. తేడా వస్తే గ్రేడింగ్ కంపెనీ అంకె ఇవ్వకుండా తిప్పి పంపొచ్చు. తర్వాత 10 రెట్ల భూతద్దంతో అక్షరాలు చూడండి. అసలు కార్డులో ఫొటో మాత్రమే రంగు చుక్కల పువ్వుల్లా ఉంటుంది, అక్షరాలూ గీతలూ నిండు సిరాతో, అంచు తెగినట్టు ఉంటాయి. నకిలీలో కార్డునే ఫొటో తీసి అచ్చేస్తారు కాబట్టి అక్షరాల్లో కూడా చుక్కలు కనబడతాయి. మీ పెట్టెలో అదే 1986 ఫ్లీర్ మామూలు ఆటగాడి కార్డు ఉంటే పక్కన పెట్టి మందం, తెలుపు పోల్చండి. ఆ మామూలు కార్డే మీకు ఉన్న మంచి తూకంరాయి. ఇవన్నీ దాటితే దాన్ని పంపండి. ఈ కార్డుకి నకిలీలు విపరీతం, గ్రేడింగ్ లేకుండా సరైన ధర ఎవరూ ఇవ్వరు. అసలుదైతే నలిగినా వెయ్యి డాలర్ల పైమాటే. మీ రెండు పెట్టెల విలువంతా ఈ ఒక్కదానిలో ఉండొచ్చు.

గ్రిఫీ లెక్క వేరు. పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ కంపెనీ ఒక్కటే ఈ కార్డుని లక్షకి పైగా గ్రేడ్ చేసింది. 10 వచ్చినవి నాలుగు వేల పైచిలుకు, అంటే నూటికి నాలుగు. ఆ జనాభా లెక్క వాళ్ళ సైటులో ఉచితంగా చూడొచ్చు. నంబర్ 1 కాబట్టి అచ్చు షీటు మూలలో పడేది. ప్యాకెట్లోంచి తాజాగా తీసినదానికే మూల నలిగి ఉండటం మామూలు. మీరు చెప్పిన అంచులు 67/33 అయ్యాయి, 10 రావాలంటే సుమారు 55/45 లోపు ఉండాలి. ఆ కాపీకి ఆశ లేదు. రెండోది బాగుందనుకుని 8 వచ్చి 70 డాలర్లకి అమ్మారనుకోండి. గ్రేడింగ్ ఫీజు ఓ 25, పోనూ రానూ పోస్టు, ఇన్సూరెన్స్ 10, ఈబే కోత 13 శాతం చొప్పున 9, కొన్నవారికి పంపే ఖర్చు 5. మిగిలేది 21. అదే కార్డు గ్రేడ్ లేకుండా 35కి అమ్మితే కోత, పోస్టు పోగా 25 మిగులుతుంది, నెలల ఎదురుచూపు ఉండదు. రెండు గ్రిఫీలూ ఉన్నవి ఉన్నట్టే అమ్మేయండి.

జిడ్డు పేజీలు పీవీసీవి. ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే నూనె బయటికొచ్చి కార్డుకి పట్టింది, అది పోదు. మిగతా కార్డుల్ని ఆ పేజీల్లోంచి ఇవాళే తీసేయండి. లాగొద్దు, పేజీ అతుకు పక్కన కత్తెరతో కోసి ప్లాస్టిక్‌ని కార్డు మీదనుంచి ఒలవండి. రంగు లేస్తుంటే ఆపేయండి. రింగు పక్క నిలువు వరుసలోని కార్డులకి అంచున నొక్కు పడి ఉంటుంది, అదీ చూసుకోండి.

ఆగితే_బంగారం:

ఇంత నిరాశ అక్కర్లేదు. 2020-21లో కార్డుల ధరలు ఎలా ఎగిరాయో చూశాం. పీఎస్‌ఏ దగ్గర కార్డులు పేరుకుపోయి 2021 మార్చిలో తీసుకోవడమే చాలావరకు ఆపేశారు. విప్పని బాక్సులైనా దాచుకోమనండి. ప్యాకెట్లు చించేకొద్దీ మిగిలినవి తగ్గుతాయిగా.

ముప్పైఐదు_పాయింట్:

ఆ ఊపులో పెరిగింది పేరున్న ఆటగాళ్ళ రూకీ (తొలి ఏడాది) కార్డుల్లో 10 గ్రేడు వచ్చినవి. 1988 డాన్‌రస్‌లో మామూలు ఆటగాడి కార్డు అప్పుడూ కదల్లేదు. ఇక బాక్సుల విషయం: 1987 టాప్స్ బాక్సంటే 36 ప్యాకెట్లు, ప్యాకెట్‌కి 17 కార్డులు, 612 కార్డులు. ధర ఈ రోజుకీ రెండంకెలే. పైగా ఆ బాక్సులకి ఫ్యాక్టరీ నుంచి ప్లాస్టిక్ చుట్టు ఉండేది కాదు. మైనం కాగితాన్ని వేడి చేసి విప్పి, మంచివి తీసుకుని మళ్ళీ అంటించినవి బజారులో ఉన్నాయి. కాబట్టి మీ బాక్సుల్ని కొనేవారికి నమ్మకం కలగాలంటే నాలుగు వైపులా, మూత తెరిచి ప్యాకెట్ల మడతల దగ్గరా ఫొటోలు పెట్టాలి. చించి చూద్దామా అనుకుంటే, లోపలి బబుల్‌గమ్ ఆనుకున్న కార్డుకి గోధుమరంగు మరక ఖాయం. ఆ బబుల్‌గమ్ రుచి మాత్రం చూడకండి.

సెట్_నంబర్_792:

మిగిలిన తొమ్మిది వేల చిల్లర ఎలా వదిలించాలో ఎవరూ చెప్పలేదు. నిండిన 5000 పెట్టె దాదాపు ఇరవై పౌండ్లు తూగుతుంది. పుస్తకాలకిచ్చే చవక మీడియా మెయిల్‌లో కార్డులు పంపడం కుదరదు, పోస్టాఫీసు ఒప్పుకోదు. అందుకని బల్క్ ఎప్పుడూ దగ్గర్లోనే, వచ్చి తీసుకెళ్ళేవాళ్ళకే. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టెకి 20, 25 డాలర్లు పెడితే ఎవరో ఒకరు వస్తారు. కాస్త ఓపికుంటే యాంకీస్, మెట్స్, ఫిలీస్ కార్డులు టీమువారీగా రెండేసి వందలు కట్టండి. మీ ప్రాంతంలో అభిమానులు ఉన్నది ఆ మూడింటికే, పెట్టె మొత్తానికి వచ్చేదానికన్నా ఎక్కువే వస్తుంది.

ఇరవై డాలర్ల లోపు ఏరిన కార్డులైతే ఈబే స్టాండర్డ్ ఎన్వలప్ అనే చవక ఉత్తరం పద్ధతిలో పంపండి. టాప్‌లోడర్ నోటికి పెయింటర్స్ టేప్ (జిగురు మిగల్చకుండా ఊడొచ్చే టేపు) వేయండి. మామూలు సెలోటేప్ వేస్తే కొన్నాయన విప్పేటప్పుడు జిగురు కార్డుకి అంటి, సరుకు వాపసు వస్తుంది. జోర్డాన్‌ని మాత్రం అలా పంపొద్దు, సంతకం తీసుకునే రిజిస్టర్డ్ మెయిల్‌లోనే.

మూడో వారానికీ అమ్ముడుపోకపోతే పదేసి కార్డులు చిన్న కవర్లలో వేసి పెట్టుకోండి, హాలోవీన్‌కి చాక్లెట్లతో పాటు పంచొచ్చు. స్వచ్ఛంద సంస్థకి ఇచ్చేట్టయితే ముందు ఫోన్ చేసి తీసుకుంటారో లేదో కనుక్కోండి. పన్ను రాయితీకి కూడా ఈనాటి బజారు ధరే రాయాలి, బెకెట్‌లోది కాదు.